ఇంటిపేరు లేని దొర

నాకు మనుషుల్ని ఒక పట్టాన నమ్మే అలవాటు లేదు. చేపలవాడు తాజా చేప అంటే మొప్ప ఎత్తి చూస్తాను. డాక్టరు మీకేం లేదమ్మా అంటే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తాను. మా పిల్లలు దీన్ని ముసలితనం అనుకుంటారు గానీ, ఈ గుణం నాకు ఇరవై ఏళ్ల వయసులోనే వచ్చింది. అప్పుడు మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, ఇంగ్లీషువాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ నడుస్తోంది. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్డు మీద పోలీసులు, మధ్యలో మేము. ఎవరు ఎవరి మనిషో తెలిసేది కాదు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఐస్‌లాండ్ దేశపు తత్వశాస్త్రం మేష్టారొకాయన అద్దెకుండేవాడు. ఆయన్ని అనుమానించినంతగా నేను ఎవర్నీ అనుమానించలేదు. చివరికి ఒక్క విషయంలో నా అనుమానం నిజమైంది కూడా.

మాది బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరితోట. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో ఓడెక్కి వచ్చినవాళ్లే ఆ తోటలో ఎక్కువ. మా నాన్న తోట ఆఫీసులో పెద్ద కిరాణి, అంటే గుమస్తా. నేను ఊళ్లో ఇంగ్లీషు బడిలో కొత్తగా పంతులమ్మనయ్యాను. అన్న నాకన్నా నాలుగేళ్లు పెద్ద. కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో లెక్కలు చూసేవాడు, సాయంత్రాలు కూలీల సంఘం పనులు చూసేవాడు. ఆ రెండో పని మానుకోమని నాన్న తిట్టని రోజు లేదు.

అన్న పుట్టింది మలయాలో కాదు. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని పట్టుబట్టి అమ్మ నిండు కడుపుతో ఓడెక్కి శ్రీకాకుళం దగ్గర తన ఊరు వెళ్లింది. చంటివాణ్ణి ఎత్తుకుని తిరిగొచ్చాక మళ్లీ ఆ దేశం మొహం చూడలేదు, అన్నా చూడలేదు. నా వేళకి అమ్మమ్మ పోయింది కాబట్టి నన్ను తోట ఆసుపత్రిలోనే కన్నది. ఈ పురుళ్ల గొడవ ఇప్పుడెందుకంటే, ఎమర్జెన్సీలో అనుమానం మీద పట్టుకున్నవాళ్లలో ఇక్కడ పుట్టినవాళ్లని శిబిరంలో ఉంచేవారు. బయటి దేశంలో పుట్టినవాళ్లనైతే ఓడెక్కించి ఆ దేశానికే పంపేసేవారు. అమ్మ ముచ్చటపడి చేసిన ఆ ఒక్క ప్రయాణం అన్న నెత్తిమీద కత్తిలా వేలాడుతోందని మాకెవరికీ తోచలేదు.

ఐస్‌లాండాయన సింగపూర్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. పెద్ద సెలవుల్లో సముద్రం పక్కన ఉండి పుస్తకం రాసుకోవాలనుకున్నాడట. తోట మేనేజరు దొర తన బంగళాలో గది ఇస్తానంటే వద్దని, మా ముందుగది అద్దెకి అడిగాడు. నా మొదటి అనుమానం అక్కడే పుట్టింది. ఫ్యానూ వంటవాడూ ఉన్న బంగళా కాదనుకుని, కిరాణి ఇంట్లో మడతమంచం మీద పడుకునే తెల్లవాడు ఎక్కడైనా ఉంటాడా? నాన్నతో అంటే, ఊరుకోవే, గొప్ప చదువున్న మనిషి, మనింటికి రావడమే గౌరవం అన్నాడు. నాన్నకి చదువున్నవాళ్లంటే భక్తి.

మనిషి తాటిచెట్టంత పొడుగు. నలభై దాటి ఉంటాయి. ఎండకి చెవులు ఎప్పుడూ ఎర్రగా కందిపోయి ఉండేవి. వచ్చిన పూటే తనని పేరుపెట్టి పిలవమన్నాడు. వాళ్ల దేశంలో బడిపిల్లలు కూడా పంతుల్ని పేరుపెట్టే పిలుస్తారట. నాన్న నోరు దానికి తిరగలేదు, దొర అనే అన్నాడు. అమ్మ కాఫీ ఇస్తే పంచదార కలపొద్దని, బెల్లం ముక్క అడిగి పళ్ల మధ్య బిగించి, దాని మీదుగా చేదుకాఫీ తాగాడు. ఎండుచేప పెడితే కాల్చనివ్వకుండా పచ్చిదే చీల్చి వెన్న రాసుకుని నమిలాడు. వాళ్ల ఊళ్లో అందరూ అలాగే తింటారని చెప్పాడు. అమ్మ వంటింట్లోకి వచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పిల్లి మాదిరి తినీసినాడే! అయినా కంచం మాత్రం కడిగినట్టు సేసినాడు. ఆకలెరిగిన ఇంటోడే" అంది. అమ్మకి ఆ క్షణం నుంచే ఆయన మీద ఇష్టం కలిగింది. నాకు మాత్రం ఇవన్నీ మనల్ని మంచి చేసుకోవడానికి నేర్చుకొచ్చిన విద్యల్లాగే కనిపించాయి.

ఏం పుస్తకం రాస్తున్నారని అడిగాను. ఒక మనిషి మాటని ఇంకో మనిషి ఎందుకు నమ్ముతాడు అన్నదే తన పుస్తకం అన్నాడు. ఊరంతా ఎవర్నీ నమ్మక చస్తుంటే ఈయన నమ్మకాల మీద పుస్తకం రాయడానికి వచ్చాడట! పైగా ఆయన పరిశోధన అంతా ప్రశ్నలే. నాన్న మేనేజరు మంచివాడంటే, మీకెలా తెలుసు అని అడిగేవాడు. అమ్మ రేపు వాన పడుతుందంటే, ఎలా తెలుసో అడిగి చెప్పమని నా వెంటపడేవాడు. మోకాలు సలుపుతోందని అమ్మ చెబితే చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు. ఆ రోజుల్లో మా తోటలో ఎలా తెలుసు అని అడిగేవాళ్లు ఇంకొకళ్లే ఉండేవారు, వాళ్లు పోలీసులు.

తిరిగి మనం ఏదైనా అడిగితే సూటిగా జవాబు వచ్చేది కాదు. బెల్లం ముక్కని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుని, ఇంతసేపు ఆలోచించి, "అలా అనుకుంటున్నాను" అనో "అయి ఉండొచ్చు" అనో అనేవాడు. అన్నం తిన్నారా అన్నా ఆ ఆలోచన తప్పేది కాదు. అవునన్న మాట ఆయన నోట నేను వినలేదు. తెలుసు, అనుకుంటున్నాను అన్న రెండిటి మధ్య చాలా దూరం ఉందని, మనుషులు ఆ దూరం చూసుకోకుండా మాట్లాడటం వల్లే ప్రపంచంలో సగం అన్యాయాలు జరుగుతున్నాయని ఒకసారి నాకు ఓపిగ్గా వివరించాడు. ఏదీ తేల్చి చెప్పనివాడు ఏదో దాస్తున్నాడనే నేను అర్థం చేసుకున్నాను.

అన్నకి మాత్రం ఆయన బాగా నచ్చాడు. పని అయ్యాక ఇద్దరూ సముద్రపు కట్ట మీద నడిచేవారు. కర్ఫ్యూ వేళకి తిరిగొచ్చేవారు. ఏం మాట్లాడుకుంటారని అడిగితే అన్న, "ఆయనకి వాదన గావాల, నాకు ఇంగ్లీసు గావాల" అని నవ్వేసేవాడు. ఓరోజు ఊళ్లో కాఫీ కొట్లో పోలీసు ఇన్‌స్పెక్టరుతో కలిసి ఆయన టీ తాగుతుంటే చూశాను. ఇంటికొచ్చాక అడిగితే, అతను పిలిస్తే వెళ్లాను అన్నట్టు తలూపాడే తప్ప ఇంకేం చెప్పలేదు.

ఆ తర్వాత వారం తిరక్కుండా అన్నని పట్టుకుపోయారు. తోట చుట్టూ ముళ్లకంచె ఉండేది. అడవిలోవాళ్లకి తిండి అందకూడదని పనికెళ్లే ఆడవాళ్ల బువ్వగిన్నెలు కూడా గేటు దగ్గర తెరిచి చూసేవారు. ఆ కంచె అవతల తూము కింద బియ్యం, ఎండుచేపలు ఉన్న డబ్బా దొరికింది. తెల్లారగానే మగవాళ్లందర్నీ వరసలో నిలబెట్టారు. జీపులో తలకి గోనెసంచి కప్పుకున్న మనిషిని తెచ్చారు. సంచికి కళ్ల దగ్గర రెండు కంతలు. ఒక్కొక్కళ్లే ముందు నుంచి నడవాలి. అన్న నడిచినప్పుడు ఆ సంచి ఆడింది, అంతే. ఎవరూ ఇంకేం అడగలేదు. అందరూ ఆ సంచి మనిషి కాళ్లూ చేతులూ చూసి ఎవరో పోల్చుకోవాలని చూశారు. నేనూ చూశాను. తెల్లచేతులు కావు. కానీ ఆ సంచిలో మనిషికి ఎవరో చెప్పే ఉంటారు కదా అని నా బుర్ర పరిగెత్తింది. అన్నతో రోజూ నడిచిందెవరు? ఇన్‌స్పెక్టరుతో టీ తాగిందెవరు?

ఆయన్ని పరీక్షించాలనుకున్నాను. మర్నాడు కాఫీ ఇస్తూ, ఎవరికీ చెప్పొద్దని గొంతు తగ్గించి, అన్న వంటింటి గచ్చు కింద ఒక మూట దాచాడని, అందులో ఏముందో తెలియదని చెప్పాను. గచ్చు కింద మట్టి తప్ప ఏమీ లేదు. ఈయన పోలీసుల మనిషైతే వాళ్లు గునపాలతో దిగుతారు. మూడు పూటలు వాకిట్లో కూర్చుని రోడ్డు చూశాను. ఎవరూ రాలేదు. నాలుగోపూట ఆయనే నన్ను పిలిచి, "మీరు నాతో అలాంటివి చెప్పకండి. నా అంతట నేను పోలీసులకి చెప్పను. కానీ వాళ్లు వచ్చి అడిగితే నాకు అబద్ధం చెప్పడం రాదు" అన్నాడు. అమ్మయ్య అనుకోవాలి కదా? అనుకోలేదు. నా ఎత్తు పసిగట్టేసిన గడుసువాడనుకున్నాను.

సెలవులు అయిపోయి ఆయన సింగపూర్ వెళ్లిపోయిన కొన్ని నెలలకి కబురొచ్చింది. తెలుక్ ఆన్సన్‌లో విచారణ కమిటీ కూర్చుంటుందని, అన్న తరఫున మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉంటే రావచ్చని. ఆ కమిటీలోని ముగ్గురు పెద్దమనుషులు కాదన్నారా, అన్న ఓడెక్కాల్సిందే. నాన్న సింగపూర్‌కి తంతి కొట్టాడు. తోటవాళ్లు వందమంది చెప్పినా చెవిన పెట్టరు గానీ ఒక్క తెల్లవాడు, అందులోనూ కాలేజీ మేష్టారు చెబితే వింటారని నాన్న ఆశ. రెండు రోజుల్లో ఆయన వచ్చి దిగాడు. అమ్మ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది.

ఇక్కడే మావాళ్లు పప్పులో కాలేశారు. మా తోటలో తగువులు రాములవారి గుడి అరుగు మీద తీరేవి. సాక్ష్యం చెప్పేవాడు ముందు తన ఇంటిపేరు చెప్పుకోవాలి, ఆ తర్వాతే మాట. ఇంటిపేరు చెప్పలేనివాడి మాట గాలిమాట కిందే లెక్క. మా పెద్దకంగాణి, అంటే కూలీల మీద పెద్ద, గుడికీ పెద్దే. ఆయన దొరని కూర్చోబెట్టి, నన్ను దుబాసీగా పెట్టుకుని ఇంటిపేరు అడిగాడు. మాకు ఇంటిపేర్లు ఉండవండి అన్నాడీయన. తండ్రి పేరు చివర కొడుకైతే కొడుకు అని, కూతురైతే కూతురు అని తగిలిస్తారట. తన పేరు చివర ఒకటి, వాళ్ల నాన్నకి ఒకటి, అక్కకి ఇంకొకటి.

పెద్దకంగాణి మొహం మాడిపోయింది. "అయ్యకొకటి, కొడుక్కొకటి, అప్పకొకటీనా? ఒకే కొంపలో ఇన్ని పేర్లేటి! దొంగోళ్లు సేసే పని ఇది. రేపు ఆ కమిటీ తువాన్ దొర ఈడు ఎవులింటోడని అడిగితే ఏటి సెప్తాం?"

నాన్న బతిమాలాడు. పెద్దకంగాణి మీసం దువ్వుకుంటూ ఉపాయం చెప్పాడు. "పేరు నేకపోతే మనమే ఇచ్చీద్దాం. కిరాణిగోరి ఇంటన్నం తిన్నాడు గదా. ఆల ఇంటిపేరే ఈడికీని."

మర్నాడు పొద్దున్నే విచారణకి మంచి జరగాలని గుళ్లో పూజ చేయించారు. పంతులుగారు గోత్రం అడిగితే మా గోత్రమే చెప్పారు, ఆయన పేరు ముందు మా ఇంటిపేరు చేర్చి గట్టిగా చదివారు. అమ్మ ఆయనకి బొట్టుపెట్టి తాంబూలం ఇచ్చింది. ఇదంతా ఏమిటని ఆయన నన్నడిగాడు. ఇప్పట్నుంచి మీరు మా ఇంటివారని అర్థం అని చెప్పాను. చెబుతూ ఆయన మొహమే చూశాను. నవ్వుతాడేమో, తప్పించుకుంటాడేమో అని. తమలపాకు చేతిలో అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

విచారణ గదిలోకి మమ్మల్ని రానివ్వలేదు. వరండాలో బల్ల మీద కూర్చున్నాం. కిటికీలు తెరిచే ఉన్నాయి కాబట్టి అన్నీ వినపడుతున్నాయి. ముగ్గురిలో మధ్యనున్న తెల్లాయన పెద్ద. ముందు పెద్దకంగాణిని పిలిచారు. తెలుగు దుబాసీ లేడు కాబట్టి ఆయన అరవంలో చెప్పాడు, దుబాసీ ఇంగ్లీషులోకి మార్చాడు. కుర్రాడు బంగారమన్నాడు, తప్పు చేసే రకం కాదన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. మా తరఫున చెప్పేవాడు మామూలు మనిషి కాదని చాటాలన్న ఉబలాటంలో, "ఈ మేష్టరు దొర మాకు పరాయోడు కాదు. కిరాణిగారి ఇంటి మనిషి. వాళ్ల ఇంటిపేరు ఈయనదీను" అనేశాడు.

గదిలో నవ్వు వినపడింది. మాకు కావాల్సింది పరాయి తెల్లవాడు. ఇంటివాడి సాక్ష్యం ఇంగ్లీషువాళ్ల దగ్గర దమ్మిడీకి కొరగాదని బడిలో చదువుకున్నదాన్ని నాకు తెలుసు. పెద్దకంగాణికి తెలీదు. ఆయన లెక్క ప్రకారం ఇంటివాడి మాటకే విలువ.

తర్వాత దొరని పిలిచారు. మధ్యలో పెద్దాయన ఇంకా నవ్వుతూనే, "ఈ ముసలాయన ఏదో అంటున్నాడు. మీరు ఈ కుటుంబంలో మనిషా?" అని అడిగాడు. కాదండీ, అది వాళ్ల మర్యాద అని ఒక్కమాట అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. నేను కిటికీ ఊచ పట్టుకుని, ఈయన ఎలాగూ కాసేపు ఆలోచిస్తాడు కదా, ఆ ఆలోచనలో బుద్ధి తెచ్చుకో నాయనా అని వేడుకున్నాను.

ఆయన ఆలోచించలేదు. "అవును" అన్నాడు.

గదిలో నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత అడవిలోవాళ్లకి ఇతను తిండి పెట్టలేదని మీకు తెలుసా అని అడిగారు. ఇప్పుడు మళ్లీ పాత మనిషే. చాలాసేపటికి, "తెలియదు. అతను పెట్టలేదని నాతో అన్నాడు, నేను నమ్ముతున్నాను. అతను పెట్టాడని మీకు కూడా తెలియదు. సంచిలో తలకాయ ఊగడం తెలియడం కాదు" అన్నాడు. పెద్దాయన గొంతు గట్టిపడింది. ఇంటి మనిషి నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు, ఇక వెళ్లొచ్చు అన్నాడు.

బయటికొచ్చాక ఆయన మీద విరుచుకుపడ్డాను. అవునని ఎందుకన్నారు, తెలుసని ఎందుకనలేదు, రెండూ తిరగేసి చెప్పుంటే మా అన్న ఇంటికొచ్చేవాడు కదా అని తెలుక్ ఆన్సన్ బజార్లో నిలబెట్టి అరిచాను. ఆయన చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. "నన్ను అడిగిన రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మొదటిదానికి ఉంది" అన్నాడు. నాకు ఆ మాట అర్థం కాలేదు. మేష్టర్లు వేషాలేసే తీరు ఇదే అనుకున్నాను. మా అన్నని చేతులారా ముంచాడని, కావాలనే ముంచాడేమోనని కూడా అనుకున్నాను.

నెల తిరిగేలోపు అన్నని పంపేస్తున్నారని తెలిసింది. పినాంగు నుంచి ఓడ. నాన్న అప్పటికే మంచంపట్టాడు. అమ్మ, నేను బయల్దేరాం. సింగపూర్ నుంచి ఆయనా వచ్చి మమ్మల్ని కలిశాడు. ప్రయాణానికి ముందురోజు అమ్మ ఏడుస్తూనే కూర్చుని జంతికలు చేసి, గుడ్డలో మూటకట్టింది. ఓడరేవు గేటు దగ్గర బంట్రోతులు ఆపేశారు. ఆడవాళ్లు గోల చేస్తారు, రానివ్వం, ఇంటి మగవాళ్లలో ఒక్కరు వెళ్లొచ్చన్నారు. మగదిక్కెవరు? నాన్న బాగన్ దాతుక్‌లో ఉన్నాడు.

"నేను వెళ్తాను" అన్నాడాయన. అక్కడున్న ఇన్‌స్పెక్టరు ఆనాడు కాఫీ కొట్లో టీ తాగినవాడే. విచారణలో ఈయన ఏమన్నాడో అతనికీ తెలుసు. ఎగతాళిగా చూసి, "కుటుంబమే కదా, పద" అని గేటు తీశాడు. అమ్మ జంతికల మూట ఆయన చేతిలో పెట్టింది. తెలుగులోనే చెప్పింది, నన్ను తర్జుమా చెయ్యనివ్వలేదు. "బాబూ, ఆణ్ణి ఏడవొద్దని సెప్పు. నాను బాగున్నానని సెప్పు."

గోదాముల వెనక ఆ పొడుగాటి మనిషి తల కనపడకుండా పోయింది. ఓడ కూత వేసింది. అమ్మ నా భుజం మీద పడిపోయింది. చాలాసేపటికి ఆయన తిరిగొచ్చాడు. చేతిలో మూట లేదు. చొక్కా చెమటతో తడిసిపోయింది. అమ్మ ముందు, ఆ పేవ్‌మెంటు మీద, చిన్నపిల్లలు కూర్చున్నట్టు గొంతుక్కూర్చుని చెప్పాడు. నేను వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. అన్న కనపడ్డాడు. ఏడవలేదు, నవ్వాడు. అమ్మమ్మ ఊరు చూడబోతున్నానని అమ్మకి చెప్పమన్నాడు. మూట అక్కడే విప్పి ఒక జంతిక తిని, ఎంత రుచిగా ఉందో, ఇలాంటివి ఎవరూ చెయ్యలేరన్నాడు.

అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆయన తల మీద చెయ్యి వేసి, "సల్లగుండు బాబూ" అంది.

నాకు మాత్రం ఎక్కడో కలుక్కుమంది. ఇన్ని మాటలు ఎక్కడా ఆగకుండా, బుగ్గన ఏమీ నానబెట్టకుండా, నదిలా చెప్పేశాడేమిటి? ఈయన నోట "అలా అనుకుంటున్నాను" అన్నది ఒక్కసారీ రాలేదేమిటి? అడుగుదామనుకున్నాను. అమ్మ మొహం చూసి ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆయన సింగపూర్‌లో ఎన్నాళ్లో లేడు. అనుమానితుడి కుటుంబంలో మనిషినని నోటితో ఒప్పుకున్నవాణ్ణి కాలేజీ ఎన్నాళ్లు భరిస్తుంది? కొలువు పొడిగించలేదు. వాళ్ల దేశం వెళ్లిపోయాడు. పుస్తకం పూర్తయిందో లేదో నాకు తెలియదు. అన్న దగ్గర్నుంచి క్షేమమన్న ముక్క ఎప్పుడైనా వచ్చేది, అంతకుమించి రాస్తే ఎవరు విప్పి చదువుతారోనన్న భయం. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. ఊళ్లో జెండాలు కట్టారు, పిల్లలకి మిఠాయిలు పంచారు. నేను ఇక్కడ పుట్టినదాన్ని కాబట్టి పౌరసత్వం సులువుగా వచ్చింది. అమ్మ ఆ రోజంతా గుమ్మం దగ్గర కూర్చుని, "అమ్మింటికి ఎల్లకుండా ఈడే కనీసినా బాగుండును" అన్న ఒక్కమాటే పదిసార్లు అంది. నాన్న ఆ ఏడే పోయాడు.

కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చాక మొదటి పెద్ద సెలవుల్లో నేను ఓడెక్కాను. మద్రాసులో దిగి రైల్లో శ్రీకాకుళం వెళ్లాను. అన్న ఎండకి నల్లబడ్డాడు, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఇంగ్లీషు వచ్చు కాబట్టి బడిలో పంతులయ్యాడు. ఆ తూము కింద డబ్బా సంగతి అడిగాను. తనది కాదన్నాడు. ఇంకా దాచి అన్నకి ఒరిగేదేమీ లేదు కాబట్టి నమ్మాను. భోజనాలయ్యాక ఊరికే, ఏదో అమ్మ గురించి మాట్లాడుతూ, "అమ్మ చేసిన జంతికలు ఓడ దిగేదాకా ఉన్నాయా, ముందే అయిపోయాయా?" అన్నాను.

"ఏ జంతికలు?" అన్నాడు అన్న.

"దొర తెచ్చాడుగా, ఓడ దగ్గరికి."

అన్న నన్ను వింతగా చూశాడు. "దొరేటి? నా దగ్గరికి ఎవులూ రానేదు. మమ్మల్ని తెల్లారకముందే అడుగంతస్తులోకి తోలీసి తలుపులు మూసీసినారు. నాను అమ్మని తలుసుకుని ఏడిసి ఏడిసి..." అని ఆగిపోయాడు.

నేను పట్టేసుకున్నాను! నాకప్పుడే అనుమానం వచ్చింది చూశావా అని ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. తెలుసు అన్న మాట కూడా తూకం వేసుకుని అనే మనిషి, అబద్ధం చెప్పడం రాదన్న మనిషి, మా ఎదురుగా కూర్చుని అంత అందమైన అబద్ధం అల్లాడు. తిరుగు ప్రయాణమంతా కోపంతో ఉడికిపోయాను. ఇన్నేళ్లుగా అమ్మ ఆ నవ్వునీ, ఆ జంతిక రుచినీ పొరుగింటివాళ్లందరికీ చెప్పుకుని బతుకుతోంది. ఆ ముసలిదాన్ని ఎంత మోసం చేశాడు!

ఇల్లు చేరేసరికి అమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. అన్న గురించి, కోడలి గురించి, పిల్లల గురించి అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. చెప్పకూడదనే అనుకున్నాను గానీ నా నోరు నా మాట వినదు. "అమ్మా, ఆ దొర ఓడ దగ్గర అన్నని కలవనేలేదట. అంతా అబద్ధం" అనేశాను.

అమ్మ చేతులు ఆగలేదు. "తెలుసులేవే" అంది.

"నీకెలా తెలుసు?"

"నాను ఆ జంతికల్లో ఉప్పేడం మరిసిపోనానే. ఇంటికొచ్చి గిన్నె అడుగున మిగిలినవి నోట్లో ఏసుకుంటే సప్పగా ఉన్నాయి. మీ అన్నకి ఉప్పు రవ్వంత తగ్గితే కంచం తోసీసేవోడు. ఆడు తిని రుసిగా ఉన్నాయన్నాడంటే నాను నమ్ముతానేటి?"

ఇంట్లో అందరికన్నా అనుమానం ఉన్నదాన్ని నేనేననుకునేదాన్ని. "మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు? నవ్వాడు, తిన్నాడని అందరికీ ఎందుకు చెప్పుకుంటున్నావు?" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

"ఏటి సెప్పమంటావే? ఒక కొడుకుని ఆ ఓడ తీసుకుపోనాది. ఇంకో కొడుకు తాను పుట్టాక మొట్టమొదటిసారి అబద్దమాడినాడు, అదీ నాను ఏడుస్తన్నానని. ఆణ్ణి అబద్దాలకోరని పంపీమంటావేటి?"

ఏరిన చింతపండు బుట్టలోకి తీసి, గింజలు పెరట్లో పారబోయడానికి అమ్మ లేచి వెళ్లింది.